చాకు కొనేటప్పుడు పదును ఆఖర్న చూడాలి

సెల్ఫ్ డిఫెన్స్ చాకుల మీద వచ్చే వీడియోలన్నిట్లోనూ ఒకటే తంతు. ఒక చేత్తో కాగితం పట్టుకుంటారు, రెండో చేత్తో చాకు దించుతారు, కాగితం సర్రున రెండవుతుంది. ఆ తరవాత ముంజేతి మీద నాలుగు వెంట్రుకలు గొరుగుతారు. కొన్నవాళ్ళు కూడా పార్సిల్ విప్పగానే చేసేది ఇదే. ఈ పరీక్షలో తప్పే కొత్త చాకు దాదాపు ఉండదు. ఎందుకంటే అక్కడ పరీక్షకి నిలబడింది చాకు కాదు, ఫ్యాక్టరీలో ఆఖరి నిమిషంలో బెల్టు మీద పట్టిన సాన. మెత్తటి ఇనుప రేకుకి కూడా కాగితం కోసేంత వాదర, అంటే పదునంచు, తెప్పించొచ్చు. అది నాలుగు తాళ్ళు కోసేదాకా నిలుస్తుందా అన్నది వేరే సంగతి.

ఒక చాకులో కొన్నాక మనం బాగుచేసుకోగలిగింది పదును ఒక్కటే. రాయి ఉంటే చాలు, ఇంట్లో అరగంట పని. పిడి చేతికి కుదరకపోతే, మడతచాకుని తెరిచి నిలబెట్టే లాకు జారిపోతుంటే, అలుగు, అంటే కోసే లోహపు భాగం, మరీ మందంగా ఉంటే, ఉక్కుకి గట్టిదనం సరిగ్గా ఇవ్వకపోతే ఇంట్లో చేసుకోగలిగింది ఏమీ లేదు. అందుకే మారనివాటిని ముందు చూడాలి, మారేదాన్ని ఆఖర్న చూడాలి అంటాను. కొనేవాళ్ళు చేసేది సరిగ్గా దీనికి తలకిందులు. అమ్మేవాళ్ళకి కావలసిందీ అదే.

ఆత్మరక్షణ అనే పేరుతో వచ్చే చిక్కులు

కత్తులు చేసేవాళ్ళకి ఆత్మరక్షణ చాకు అనే ప్రత్యేకమైన జాతి ఏదీ లేదు. అది అట్టపెట్టె మీద రాసే పేరు. ఆ పేరు కింద తాళంచెవుల గుత్తికి వేలాడే రెండంగుళాల మడతచాకు ఉంటుంది, క్రెడిట్ కార్డులా మడుచుకునే ప్లాస్టిక్ చాకు ఉంటుంది, లిప్‌స్టిక్‌లోనో పెన్నులోనో దాగే అలుగు ఉంటుంది. వంకర తిరిగిన కరంబిట్, రెండంచుల బాకు, బటన్ నొక్కితే తెరుచుకునేది కూడా అందులోకే వస్తాయి. 2013 జనవరిలో ముంబైలో శివసేన మహిళలకి చిన్న చాకులు పంచిపెట్టింది. చేతిలో చాకుంటే ధైర్యం అన్న లెక్క. ఆ ధైర్యాన్ని నేను కొట్టిపారెయ్యను. కానీ ఆ పేరుని చట్టం ఎలా చూస్తుందో కొనేముందు తెలియాలి.

1959 ఆయుధాల చట్టం 2వ సెక్షన్‌లో ఆయుధం అంటే దాడికైనా రక్షణకైనా ఆయుధంగా తయారుచేసిన, లేదా అలా మలిచిన వస్తువు. కేవలం ఇంటి వాడకానికో వ్యవసాయానికో ఉద్దేశించినవాటిని అదే సెక్షన్ పక్కన పెట్టింది. పండ్లు కోసుకునే చాకుకి ఆ మినహాయింపు ఉంది. అదే కొలతల చాకు మీద "రక్షణ కోసం" అని అచ్చువేసి అమ్మితే ఆ మినహాయింపు అడగడానికి మనమే అడ్డం వేసుకున్నట్టు. 2016 ఆయుధాల నిబంధనల షెడ్యూలులో కత్తులకి చెప్పిన కొలత 9 అంగుళాల కంటే ఎక్కువ పొడవు, లేదా 2 అంగుళాల కంటే ఎక్కువ వెడల్పు. చిన్న చాకులు దీనికి చాలా లోపలే ఉంటాయి గనక భయం లేదని అమ్మేవాళ్ళు చెబుతారు. కానీ ప్రాంతాలవారీగా నోటిఫికేషన్లు వేరే ఉంటాయి. ఢిల్లీలో స్ప్రింగుతోనో బటన్‌తోనో తెరుచుకునే చాకుల విషయంలో 1980 నాటి నోటిఫికేషన్ గీసిన గీత 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు. ఆన్‌లైన్‌లో దొరికే బటన్ చాకుల్లో ఈ గీత దాటేవి బోలెడు.

వాడాక వచ్చే ప్రశ్న ఇంకోటి. భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 దాకా ఉన్న సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించి. అందులో 37వ సెక్షన్ ప్రకారం కాపాడుకోవడానికి అవసరమైనంత మించి హాని చేసే హక్కు లేదు. హక్కు నిలబడకపోతే పదునైన ఆయుధంతో గాయపరచడానికి 118వ సెక్షన్ ఉంది. మామూలు గాయానికే మూడేళ్ళ దాకా జైలు. ఎంత అవసరమో కోర్టు తరవాత నింపాదిగా తేలుస్తుంది, ఆ క్షణంలో చేతిలో చాకున్న మనిషికి ఆ తీరిక ఉండదు.

కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను. ఒంటరిగా తిరిగే మనిషికి మొదటి సాధనం చాకు కాదు. అది పనిచెయ్యాలంటే అవతలివాడు చేతికందేంత దగ్గరకి రావాలి, అంత దగ్గరకి వచ్చినవాడు ఆ మణికట్టునే పట్టుకోగలడు. పెప్పర్ స్ప్రే రెండు మూడు మీటర్ల దూరం నుంచి పనిచేసి, పరిగెత్తే వ్యవధి ఇస్తుంది. 2019 డిసెంబరులో హైదరాబాద్ మెట్రో కూడా మహిళలు పెప్పర్ స్ప్రే తెచ్చుకోవడానికి ఒప్పుకుంది. చాకు విలువ ఇంకోచోట ఉంది: ఇరుక్కున్న సీటు బెల్టు, చేతికో కాలికో చుట్టుకున్న తాడు, బిగుసుకున్న సంచీ పట్టీ. వీటిని క్షణంలో కోసి బయటపడెయ్యగలిగిన చాకు మంచి చాకు. ఏ పేరుతో కొన్నా దాన్ని కొలవాల్సింది ఈ పనులతోనే.

ముందు పిడి

చాకు పట్టుకున్న చేతికే తగిలే గాయాలకి అసలు కారణం పిడి. చెయ్యి తడిసినా, చెమట పట్టినా పట్టు ముందుకు జారి వేళ్ళు వాదర మీదకి వెళ్తాయి. దీన్ని పరీక్షించడానికి అలుగు ఒరలోంచి తియ్యక్కర్లేదు. చేతికి సబ్బునీళ్ళు రాసుకుని, ఒరలో ఉన్న చాకునే గట్టిగా పట్టుకుని, దాని మొనని చెక్కబల్లకి ఆనించి నెట్టాలి. చూపుడువేలు ముందుకి జరిగిందా లేదా చూడాలి. జరిగితే ఆ చాకుకి చేతిని ఆపే గడ్డ గానీ, వేలు కుదురుకునే గాడి గానీ లేనట్టు. నున్నటి అల్యూమినియం పిడి, గీతలు చెక్కని ప్లాస్టిక్ పిడి ఇక్కడే పోతాయి. మడతచాకు అయితే మూసి ఉంచి ఇదే పని చెయ్యండి.

పిడి పొడవు కొలవండి. పెద్దవాళ్ళ అరచేయి వెడల్పు మామూలుగా ఏడు నుంచి తొమ్మిది సెంటీమీటర్లు. పిడి అంతకంటే పొట్టిదైతే చిటికెనవేలు గాల్లో ఉంటుంది, దానితోపాటే సగం పట్టు పోతుంది. కీచెయిన్ చాకుల పిడి ఐదారు సెంటీమీటర్లు. రెండు వేళ్ళతో పట్టుకున్న చాకు గట్టి తాడు మీద పెట్టగానే పక్కకి తిరుగుతుంది. ఆ సైజులో ఎంత గొప్ప ఉక్కు పెట్టినా ఉత్తరాల కవర్లు తెరవడానికే పనికొస్తుంది. కరంబిట్ పిడి చివర ఉంగరం ఉంటుంది. వేలు అందులో ఉండగా చాకు ఎవరైనా మెలితిప్పితే చాకుతోపాటు వేలూ తిరుగుతుంది. ఆ ఉంగరం బొమ్మల్లో బావుంటుంది.

మడత లేని చాకులో అలుగు పిడిలోకి ఎంతదాకా వెళ్ళిందో చూడాలి. మన ఊళ్ళ కత్తుల్లో అలుగు వెనక ఉండే సన్నటి తోకని కాల్చి, లక్కతో కర్రపిడిలోకి దించి, విచ్చుకోకుండా మూతికి పొన్ను, అంటే లోహపు కట్టు, వేస్తారు. బాగా చేస్తే అదీ ఏళ్ళ తరబడి నిలుస్తుంది. చౌకరకం ప్లాస్టిక్ పిడుల్లో ఆ తోక రెండు సెంటీమీటర్లు లోపలికి వెళ్ళి ఆగిపోతుంది, పైకి తెలియదు. పిడి అంచుల వెంబడి లోహం కనబడుతుంటే సందేహం లేదు. కనబడకపోతే పిడి అడుగుభాగాన్ని గోటితో తట్టి చూడండి, బోలు మోత వస్తే అనుమానించండి. చాకు బరువంతా అలుగు వైపే ఉండటం కూడా అదే చెబుతుంది.

లాకు

మడతచాకుల్లో ఎక్కువగా కనబడేది లైనర్ లాక్. అలుగు తెరుచుకోగానే పిడి లోపలి సన్నటి పట్టీ పక్కకి వచ్చి అలుగు మడమ, అంటే పిడిలో ఉండే దాని మొదలు, కింద నిలుస్తుంది. ఆ పట్టీ మడమ మందంలో మూడోవంతు నుంచి సగం దాకా ఆక్రమించాలి. అంచుమీద మాత్రమే తగులుతుంటే ఏ కుదుపుకైనా జారుతుంది. కొత్తలోనే అవతలి వైపు దాకా వెళ్ళిపోతే అరిగాక ఇక జరగడానికి చోటుండదు, అలుగు ఆడటం మొదలవుతుంది.

చాకు తెరిచి, అలుగుని వెన్ను వైపు నుంచి మడిచిన తువ్వాలు మీద ఆనించి, నెమ్మదిగా ఒత్తిడి పెంచాలి. వేళ్ళు అలుగు మూసుకునే దారిలో ఉండకూడదు. అరచేతి మధ్యలో పిడిని రెండు పక్కల నుంచి పట్టుకోవాలి. కొందరు వెన్నుని బల్లకేసి కొట్టి చూస్తారు, అది అనవసరం. నిదానంగా ఒత్తినా చెడ్డ లాకు దొరికిపోతుంది. ఇరవైసార్లు తెరిచి మూసి, ప్రతిసారీ పట్టీ ఒకేచోట ఆగుతోందా చూడండి. తెరిచి ఉండగా మొనని పక్కలకీ, పైకీ కిందకీ కదపండి. పక్కకి కొద్దిగా ఆడితే ఇరుసు స్క్రూ బిగించి సరిచెయ్యొచ్చు. పైకీ కిందకీ ఆడితే అది లాకు తప్పు, స్క్రూతో పోదు.

చౌకరకం బటన్ చాకుల్లో స్ప్రింగు బలం తెరవడానికి సరిపోయినా, చివరిదాకా లాకులో కూర్చోబెట్టడానికి ఒక్కోసారి చాలదు. జేబులోని నూలు పీచు కాస్త లాకు సందులో చేరితే అలుగు తెరుచుకున్నట్టే ఉంటుంది గానీ కుదురుకోదు. కార్డు చాకుకి అసలు లాకే లేదు, ప్లాస్టిక్ మడతే దానికి దిక్కు. చెడ్డ లాకున్న చాకు కంటే లాకు లేని మంచి స్విస్ చాకు నయం. లాకు లేదని తెలిసిన చెయ్యి జాగ్రత్తగా ఉంటుంది.

అలుగు మందం

ఇక్కడికి వచ్చాక వెర్నియర్ కాలిపర్ ఒకటి కావాలి. చవకరకం డిజిటల్‌ది చాలు. రెండు చోట్ల కొలవాలి. ఒకటి వెన్ను దగ్గర, రెండోది వాదరకి సరిగ్గా పైన, అంటే సాన పట్టిన సన్నటి వాలు ఎక్కడ మొదలవుతుందో అక్కడ. వెన్ను రెండు నుంచి మూడు మిల్లీమీటర్లుంటే జేబు చాకుకి సరిపోతుంది. నాలుగు దాటితే బరువు తప్ప లాభం లేదు. అసలు కథంతా రెండో కొలతలో ఉంది. అది 0.3 నుంచి 0.5 మిల్లీమీటర్ల మధ్య ఉంటే ఆ చాకు లోతుగా దిగుతుంది, మొద్దుబారాక కూడా పని నడుపుతుంది. ఒక మిల్లీమీటరు ఉంటే గొడ్డలిలా చీలుస్తుంది తప్ప కొయ్యదు. దానికి ఎంత పదును పెట్టినా కాగితం దాకానే. కాగితానికి మందం లేదు గనక ఈ లోపం ఆ వీడియోలో కనబడదు. ఒక బంగాళాదుంపని నిలువునా కోసి చూడండి, మందపు అలుగు సగం దిగాక ముక్కని పగలగొడుతుంది.

రెండంచుల బాకు ఎందుకు బాగా కొయ్యదో లెక్క వేస్తే తెలుస్తుంది. అలుగు వెడల్పు 20 మిల్లీమీటర్లు, మందం 3 అనుకుందాం. ఒకే అంచు ఉంటే ఆ 3 మిల్లీమీటర్ల మందం 20 మిల్లీమీటర్ల దూరంలో సున్నాకి దిగుతుంది. రెండు వాలుల మధ్య కోణం సుమారు 8.6 డిగ్రీలు. రెండంచులుంటే అదే మందం 10 మిల్లీమీటర్లలోనే దిగాలి, కోణం 17 డిగ్రీలవుతుంది. అంటే అలుగు రెట్టింపు మొరటు. పైగా బొటనవేలు ఆనించి బలం పెట్టడానికి వెన్నే ఉండదు. చూడగానే ఆయుధమని తెలిసిపోయే రూపం కూడా. కోసే పనికి నష్టం, చట్టం ముందు నష్టం. దాన్ని ఎందుకు కొనాలో నాకు అర్థం కాదు.

సగం రంపపు పళ్ళున్న అలుగులు తాడునీ బెల్టునీ బాగా కోస్తాయి, ఒప్పుకోవాలి. కానీ రెండున్నర అంగుళాల అలుగులో సగం పళ్ళకి పోతే నున్నటి వాదర మిగిలేది రెండు వేళ్ళ వెడల్పంత. ఆ పళ్ళని బల్లపరుపు రాయి మీద నూరలేము, గుండ్రటి సన్న సానకడ్డీ కావాలి. బెల్టు కొయ్యడమే పనైతే మొత్తం పళ్ళున్నది తీసుకోండి, లేదంటే అసలు వద్దు.

ఉక్కు

అలుగు మీద "స్టెయిన్‌లెస్ స్టీల్" అని మాత్రమే ఉంటే ఏమీ చెప్పనట్టే. "సర్జికల్ స్టీల్" అంటే అంతకంటే తక్కువ చెప్పినట్టు. అది ఏ ఒక్క ఉక్కుకీ పేరు కాదు. "440" అని అంకె వేసి ఊరుకుంటే అనుమానించాలి. 440ఏలో కార్బన్ 0.60 నుంచి 0.75 శాతం, 440సీలో 0.95 నుంచి 1.20 శాతం. అక్షరం ఎందుకు రాయలేదో ఊహించుకోవచ్చు. 420 రకాల్లో కార్బన్ ఇంకా తక్కువ. తుప్పు పట్టదు, నూరితే వెంటనే పదునొస్తుంది, ఆ పదును అంత త్వరగానూ పోతుంది. 8సీఆర్13ఎంఓవీ అని రాసి ఉన్న చైనా ఉక్కులో కార్బన్ 0.8 శాతం. సరిగ్గా కాలిస్తే ఆ ధరకి మంచి సరుకు. డీ2లో కార్బన్ 1.5 శాతం, క్రోమియం 12 శాతం. పదును చాలాకాలం నిలుస్తుంది, కానీ ఆ క్రోమియంలో చాలా భాగం కార్బన్‌తో ముడిపడిపోతుంది గనక తుప్పుని పూర్తిగా ఆపలేదు. విశాఖలోనో కాకినాడలోనో ఉప్పుగాలిలో జేబులో పెట్టుకు తిరిగేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

గిన్నెలు కొనేటప్పుడు అయస్కాంతం పెట్టి చూడటం మనవాళ్ళకి అలవాటు. అంటుకుంటే మంచి స్టీలు కాదంటారు. చాకు దగ్గర ఈ లెక్క తలకిందులు. గిన్నెల 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్. దాన్ని ఎంత కాల్చి ముంచినా గట్టిపడదు. చాకులకి వాడేది కాల్చి చల్లారిస్తే గట్టిపడే వేరే రకం, అది అయస్కాంతాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఉక్కు చాకు అని అమ్మినదానికి అయస్కాంతం అంటుకోకపోతే అది గరిటె చేసే రేకు. అంటుకుంది కదా అని సంబరపడక్కర్లేదు, మామూలు ఇనుముకీ అంటుకుంటుంది.

నీటి అలల గళ్ళతో "డమాస్కస్" అని అమ్మేవాటి గురించి ఒక మాట. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో కరిగించి తీసిన ఉక్కుని పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కెళ్ళారు. ఆ రకం ఉక్కులో గళ్ళు లోపలి కార్బైడ్ల అమరిక వల్ల వచ్చేవి. ఇప్పుడు ఆ పేరుతో దొరికేవి రెండు రకాల ఉక్కుల్ని పొరలుగా అతికించి ఆసిడ్‌తో గళ్ళు తేల్చినవి, లేదా పైపైన లేజరుతో గీసినవి. వెన్ను మీద చూడండి. పొరలు నిజమైతే గీతలు వెన్ను మీదుగా అవతలి వైపుకి సాగుతాయి. గీసిన గళ్ళు అంచు దగ్గర ఆగిపోతాయి.

ఉక్కు పేరు కంటే దాన్ని ఎలా కాల్చారన్నది ముఖ్యం. కొలిమిలో లారీ కమాను పట్టాతో చేసిన చాకుని ఉదాహరణగా తీసుకుందాం, మన దగ్గర చేతిపని చాకుల్లో అదే ఎక్కువ. అది దాదాపు అర శాతం పైన కార్బన్ ఉన్న స్ప్రింగు ఉక్కు, చిన్న చాకుకి చక్కటి సరుకు. దాన్ని అయస్కాంతం వదిలేసే వేడి, అంటే 770 డిగ్రీలు దాటించి, ఇంకాస్త పైకి తీసుకెళ్ళి నూనెలో ముంచాలి. తరవాత 200 డిగ్రీల దగ్గర గంటా రెండు గంటలు మగ్గపెట్టాలి. మొదటిది చెయ్యకపోతే వాదర వంగుతుంది, రెండోది ఎగ్గొడితే పెళుసై ముక్కలు రాలుతుంది. మరీ ఎక్కువ కాలిస్తే లోపలి రవ్వ లావెక్కుతుంది. అలాంటి ముక్కని విరిస్తే పంచదార పలుకుల్లా మెరుస్తుంది, సరిగ్గా కాల్చింది బూడిదరంగులో సన్నగా ఉంటుంది. నూనెకి బదులు నీళ్ళలో ముంచితే కంటికి కనబడని పగుళ్ళు రావచ్చు. లక్షల కిలోమీటర్లు తిరిగిన పాత పట్టాలో ముందే పగుళ్ళుండే ప్రమాదమూ ఉంది. చేయించుకునేవాళ్ళు వాడని పట్టా ముక్క ఇస్తే మంచిది.

ఇంట్లో గట్టిదనం చూడటానికి కొత్త ఆకురాయి చాలు. ఆకురాయి గట్టిదనం రాక్‌వెల్ సి కొలతలో 62 పైన ఉంటుంది, మంచి జేబు చాకు 56 నుంచి 60. పిడికి దగ్గరగా వాదర మడమ మీద తేలికగా ఒక్కసారి గీయండి. ఆకురాయి కష్టంగా కొద్దిగా పడితే బావుంది. పూర్తిగా జారిపోతే మరీ గట్టి, పెళుసు కావచ్చు. వెన్నలోకి దిగినట్టు దిగితే ఆ చాకుకి కాల్పు సరిగ్గా పడలేదు. వెన్ను మీద గీసి చూడకండి, కొందరు వెన్నుని కావాలనే మెత్తగా ఉంచుతారు.

చాకులు చేసేవాళ్ళు ఇంకోటి చేస్తారు. ఆరు మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీని బల్లమీద పెట్టి, వాదరని 15 డిగ్రీల వాలులో దానిమీద ఒత్తుతూ లాగుతారు. దీపం వెలుతురులో వాదర కొద్దిగా వంగడం కనబడుతుంది. కడ్డీ దాటాక తిరిగి నిటారైతే కాల్పు సరైనది, వంగి ఉండిపోతే మెత్తన, ముక్క లేస్తే పెళుసు. వాదర వెనక మందం అర మిల్లీమీటరు దాటితే మాత్రం ఇది పనికిరాదు, అలుగు వంగనే వంగదు.

ఇప్పుడు పదును

కత్తుల పదునుకి ఐఎస్ఓ 8442-5 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. 5 శాతం సిలికా కలిపిన 10 మిల్లీమీటర్ల వెడల్పు కాగితపు దొంతరని, 50 న్యూటన్ల బరువు కింద, వాదరకి ఆనించి ముందుకీ వెనక్కీ అరవైసార్లు కోస్తారు. మొదటి మూడుసార్లు ఎంత లోతు తెగిందో అది తొలి పదును. అరవై పూర్తయ్యేసరికి మొత్తం ఎంత తెగిందో అది పదును నిలిచే శక్తి. రెండింటికీ వేర్వేరు అంకెలు. వీడియోల్లో చూపించేది మొదటి మూడుసార్ల సంగతి మాత్రమే.

ఇంట్లో వరస ఇలా పెట్టుకోవచ్చు. ముందు వెలుతురు. దీపం కింద వాదరని పైకి పెట్టి కళ్ళకి ఎదురుగా తిప్పండి. పదునైన వాదర కనబడదు. ఎక్కడైనా తెల్లటి గీతో చుక్కో మెరిస్తే అక్కడ మొద్దు ఉంది, లేదా ముక్క లేచింది. తరవాత బాల్ పెన్ను ప్లాస్టిక్ గొట్టం మీద వాదరని వాలుగా ఆనించి, బరువు పెట్టకుండా వదలండి. పట్టుకుంటే పదును, జారితే మొద్దు. గోటి మీద చేసే పరీక్ష కూడా ఇదే గానీ పెన్ను ఉండగా గోరెందుకు. తరవాత న్యూస్‌పేపరు. కాగితానికి ఒక దిశలో పీచు ఉంటుంది, అటు చించితే తిన్నగా చిరుగుతుంది. పీచుకి అడ్డంగా కొయ్యాలి, మడమ నుంచి మొన దాకా ఒకే లాగులో. ఎక్కడ తట్టుకుంటే అలుగు మీద ఆ చోటు గుర్తుపెట్టుకోండి.

ఇవన్నీ పాసైనా ఒక దొంగ మిగిలి ఉంటుంది: రేకు. సాన పట్టినప్పుడు వాదర చివర వెంట్రుక కంటే సన్నని లోహపు పొర ఒక పక్కకి మడతపడి నిలుస్తుంది. అది కాగితం కోస్తుంది, వెంట్రుకలూ గొరుగుతుంది. మూడో తాడు కోసేసరికి విరిగి, కింద ఉన్న మొద్దు బయటపడుతుంది. "కొత్తలో బ్రహ్మాండంగా ఉండేది, వారానికే పోయింది" అనేవాళ్ళ చాకుల్లో చాలావాటి జబ్బు ఇదే. కనిపెట్టడానికి దూదిని వెన్ను నుంచి వాదర మీదుగా బయటికి లాగాలి, రెండు పక్కలా. ఒక పక్క దూది పోగులు చిక్కితే రేకు అటు ఉంది.

ఆఖరి పరీక్ష తాడు. ఎనిమిది పది మిల్లీమీటర్ల జనపతాడుని చెక్కపలక మీద పెట్టి, అలుగులో ఒకే రెండు సెంటీమీటర్ల భాగంతో పాతికసార్లు కొయ్యండి. మళ్ళీ న్యూస్‌పేపరు. తేడా లేకపోతే ఆ చాకు మీద ఇంక సందేహం పెట్టుకోనక్కర్లేదు. పదును తగ్గితే తోలు బెల్టు లోపలి వైపున, వెన్ను ముందు నడిచేలా, ఒక్కో పక్క పదిసార్లు లాగి మళ్ళీ చూడండి. పదును తిరిగొస్తే వాదర వంగింది, ఉక్కు కాస్త మెత్తన. రాకపోతే పది రెట్ల భూతద్దంలో చూడండి. నున్నగా మెరిస్తే అరిగింది, గంట్లు కనబడితే పెళుసు. అరిగినదాన్ని నూరుకోవచ్చు, గంట్లు పడేదాన్ని మాత్రం మగ్గపెట్టడం ఎగ్గొట్టిన చాకు అనుకోవాలి. ఒక మినహాయింపు ఉంది. ఫ్యాక్టరీ బెల్టు మీద వేడెక్కి వాదర అంచు మాత్రమే పాడై ఉండొచ్చు, రెండు మూడుసార్లు నూరాక లోపలి మంచి ఉక్కు బయటపడుతుంది. అందుకని ఒక్క తాడు పరీక్షతో చాకుని పారెయ్యకండి.

నూరడానికి ఖరీదైన సరంజామా అక్కర్లేదు. ఒక పక్క 400, ఇంకో పక్క 1000 నంబరున్న రాయి చాలు. ఒక్కో పక్కకి 20 డిగ్రీల కోణం పెట్టండి. అలుగు వెడల్పు 20 మిల్లీమీటర్లైతే వెన్నుని రాయి నుంచి సుమారు 7 మిల్లీమీటర్లు ఎత్తితే ఆ కోణం వస్తుంది. వాలు మీద మార్కర్ పెన్నుతో రంగు పూసి రెండు రుద్దులు రుద్దండి. రంగు వాలంతా వాదర అంచు దాకా చెరిగితే కోణం సరి, పైన మాత్రమే చెరిగితే వెన్ను ఇంకాస్త ఎత్తాలి. ఒక పక్క మడమ నుంచి మొన దాకా రేకు లేచేవరకు రెండో పక్క తిప్పకూడదు, తొందరపడేవాళ్ళు ఇక్కడే తప్పుతారు. తరవాత రెండో పక్క, ఆపైన బరువు తగ్గిస్తూ పక్కకొకటి చొప్పున, చివర బెల్టు. 1000 దగ్గర ఆపెయ్యొచ్చు. అద్దంలా మెరిసే వాదర గడ్డం గీసుకోవడానికి బావుంటుంది గానీ, బట్టనీ తాడునీ పట్టుకోవాలంటే కొద్దిగా గరుకు ఉండాలి.

సైకిలు మీద సాన చక్రం తెచ్చేవాళ్ళ దగ్గర వంటింటి కత్తిపీటలు పట్టించుకోండి, చిన్న చాకు మాత్రం ఇవ్వకండి. పొడి చక్రం మీద సన్నటి మొన రెండు క్షణాల్లో వేడెక్కుతుంది. కమాను ఉక్కు మీద నీలం రంగు తేలితే అక్కడ వేడి 300 డిగ్రీల దాకా వెళ్ళినట్టు. 200 దగ్గర మగ్గపెట్టి తెచ్చిన గట్టిదనం అంతమేర పోయింది, ఆ భాగం అరగదీసి తీసేస్తే తప్ప రాదు. ఇవ్వక తప్పకపోతే ప్రతి పట్టుకీ నీళ్ళలో ముంచమని అడగండి.

చెమట సంగతి కూడా చూడాలి. ఒంటికి ఆనుకుని ఉండే చాకు వాడకపోయినా మొద్దుబారుతుంది, తుప్పు ముందుగా తినేది ఆ సన్నటి అంచునే. నెలకోసారి తుడిచి కుట్టుమిషను నూనె ఒక చుక్క రాయాలి. కొబ్బరినూనె వద్దు, చలికి ఇరుసులో గడ్డకడుతుంది. తోలు ఒర తేమని దాచిపెడుతుంది గనక వాడనప్పుడు చాకుని అందులో ఉంచకండి. ప్లాస్టిక్ ఒరైతే మంచం మీద బోర్లా పట్టుకుని ఊపి చూడండి, జారిపడే ఒర ఉన్నా లేనట్టే.

ఆన్‌లైన్‌లో కొన్నవాళ్ళు ఈ పరీక్షల్లో గీత పడనివన్నీ వాపసు గడువులోనే ముగించాలి. ఒరలోనో మూసి ఉండగానో పిడి పట్టు, లాకు ఒత్తిడి, కాలిపర్ కొలతలు, అయస్కాంతం, దీపం వెలుతురు, దూది: ఇవి ఆ కోవలోవి, గంటలోపు పని. వీటిలో ఏది తప్పినా తిరిగి పంపెయ్యండి. ఆకురాయి, ఇత్తడి కడ్డీ, తాడు జోలికి వెళ్తే చాకు మీద గుర్తు పడుతుంది, ఆ తరవాత దాన్ని వెనక్కి తీసుకోరు.